మీ ఉద్యోగుల్లో కొద్దిమందినే, ప్రతి వారం పంపండి: కంపెనీల సేవా విభాగాలకు బహిరంగ లేఖ

కంపెనీల్లో సామాజిక బాధ్యత నిధులు చూసేవారికి, ఉద్యోగుల చేత సేవా కార్యక్రమాలు చేయించే హెచ్‌ఆర్ వారికి,

నమస్కారం.

ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసేముందు నాకు ఒకే రకం ఈమెయిళ్లు వస్తాయి. కంపెనీ పేరు మారుతుంది, సంగతి మారదు. "మా ఉద్యోగులు 120 మంది సేవ చేయడానికి సిద్ధంగా ఉన్నారు. వచ్చే శుక్రవారం ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా వీలవుతుంది. పిల్లలకు కోడింగ్ నేర్పుతారు. ఏర్పాట్లు చేయగలరా?" మా ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు 22. క్లబ్‌కి వచ్చే పిల్లలు 40 మంది. అంటే ఒక్కొక్కరికి ముగ్గురు పెద్దవాళ్లు. ఆ గదిలో 160 మంది పట్టాలంటే ముందు కంప్యూటర్లను బయట పెట్టాలి.

వెటకారానికి రాయడం లేదు. బడి వదిలాక పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే క్లబ్‌ను ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను. మీలాంటి కంపెనీల డబ్బు, మీ ఉద్యోగుల సమయం లేకపోతే అది రెండో ఏడాదే మూతపడేది. ఆ కృతజ్ఞత వల్లే ఇన్నాళ్లూ అలాంటి ఈమెయిళ్లకు "తప్పకుండా సార్" అని జవాబిస్తూ వచ్చాను. కాదంటే వచ్చే విరాళం కూడా పోతుందేమోనన్న భయం నాలాంటి వాళ్లందరికీ ఉంటుంది. అందుకే మీకు అందేవన్నీ ధన్యవాదాల ఉత్తరాలే. ఇది ఆ రకం ఉత్తరం కాదు.

ఒక సేవా దినం మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను. బస్సు వస్తుంది. అందరూ ఒకే రంగు టీషర్టుల్లో దిగుతారు. బ్యానర్ ఎక్కడ కట్టాలో తేలేసరికి అరగంట. పరిచయాలు, స్వాగతాలు, పెద్దవాళ్ల మాటలు మరో ముప్పావుగంట. తర్వాత ఫొటోలు. చివర్లో మళ్లీ గ్రూపు ఫొటో ఉంటుంది కాబట్టి, కీబోర్డు ముందు పిల్లలకు మిగిలేది గంటంబావు.

కిందటేడాది ఆ గంటంబావులో జరిగిందొకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఆరో తరగతి అమ్మాయి ఒకతె స్క్రాచ్‌లో, అంటే రంగు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్‌లో, ఆట తయారు చేస్తోంది. పైనుంచి యాపిల్ పళ్లు పడుతుంటాయి, కింద గిన్నెను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. పండు గిన్నెలో పడగానే స్కోరు 1 అవుతోంది, మరుక్షణం మళ్లీ 0. స్కోరును సున్నా చేసే బ్లాకును ఆట మొదట్లో ఒక్కసారి పెట్టాల్సింది పోయి, ఆగకుండా తిరిగే లూపు లోపల పెట్టేసింది. అంతే. పక్కనే నిలబడ్డ మీ ఉద్యోగి మంచి ఇంజనీరు, ఒక్క చూపుతో పట్టేశాడు. "ఇలా ఇవ్వమ్మా" అని మౌస్ తీసుకున్నాడు, ఆ బ్లాకును లూపులోంచి లాగి పైన పెట్టాడు. పది సెకన్లు పట్టలేదు. స్కోరు 2, 3, 4. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా కొట్టింది.

తర్వాతి వారం ఆమె ఇంకో ఆట మొదలుపెట్టింది. మూడు ప్రాణాలుండాలి, దెబ్బ తగిలితే ఒకటి తగ్గాలి. తగ్గడం లేదు. ప్రాణాలను 3 చేసే బ్లాకు మళ్లీ లూపు లోపలే ఉంది. కాసేపు తెరవైపు చూసి, నా వైపు తిరిగి అడిగింది, "ఆ సార్ మళ్లీ ఎప్పుడొస్తారు?"

ఆ సార్‌ను నేను తప్పుపట్టను. మళ్లీ రానని తెలిసిన మనిషికి, ఉన్న కాసేపట్లోనే ఏదో ఒకటి పనిచేయించి చూపించాలన్న తొందర ఉంటుంది. పిల్లను తప్పు చేయనిచ్చి, ఆ తప్పును తనే వెతుక్కునేదాకా చేతులు కట్టుకుని నిలబడాలంటే వచ్చే వారం కూడా వస్తానన్న నిశ్చింత కావాలి. ఆ నిశ్చింత అతనికి మీరివ్వలేదు.

మా దగ్గరికి నాలుగేళ్లుగా ప్రతి బుధవారం ఒకావిడ వస్తారు. ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మొదటి నెల ఆవిడా మౌస్ లాక్కున్నవారే. తర్వాత ఏమనుకున్నారో, పిల్లల పక్కన కూర్చున్నప్పుడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. "అక్కా, పనిచేయట్లేదు" అని ఎవరైనా అంటే ఆవిడ అడిగేవి రెండే ప్రశ్నలు: "ఏం జరగాలనుకున్నావు? ఏం జరుగుతోంది?" ఆఫీసులో బగ్ రిపోర్టు, అంటే ప్రోగ్రాములో దొరికిన తప్పు గురించిన నివేదిక, రాసేటప్పుడు రాసేవీ అవేనట. రెండో ప్రశ్నకు జవాబు చెప్తూ చెప్తూ సగం మంది పిల్లలు మధ్యలోనే ఆగి, "ఓ, తెలిసింది" అని తెరవైపు తిరిగిపోతారు. ఇప్పుడు వాటికి క్లబ్‌లో "అక్క ప్రశ్నలు" అని పేరు పడింది. ఆవిడ రాని రోజున పిల్లలు ఒకరినొకరు అవే అడుక్కుంటున్నారు.

ఇది మా దగ్గరే పుట్టిన కిటుకేమీ కాదు. 2011లో ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో జేమ్స్ వెల్టన్, బిల్ లియావ్ కలిసి మొదలుపెట్టిన కోడర్‌డోజో క్లబ్బుల్లో "ముందు ముగ్గురిని అడుగు, ఆ తర్వాతే నన్నడుగు" అన్న పద్ధతి ఉంది. సాయం చేయడానికొచ్చిన పెద్దమనిషి అక్కడ నాలుగో దిక్కు. 2012లో బ్రిటన్‌లో క్లేర్ సట్‌క్లిఫ్, లిండా శాండ్విక్ మొదలుపెట్టిన కోడ్ క్లబ్ నడిచేది కూడా ఇలాగే: బడి వదిలాక వారానికో గంట, వాలంటీర్ల సాయంతో. రెండింటిలోనూ గమనించాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, క్యాలెండరు. మళ్లీ మళ్లీ జరగడం మీదే అవి నిలబడ్డాయి.

ఇంకా దగ్గరి ఉదాహరణ మీ రంగంలోనే ఉంది. 2009లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న కెవిన్ వాంగ్ అనే ఇంజనీరు సియాటిల్ ప్రాంతంలో ఒక హైస్కూల్లో, ఆఫీసుకు వెళ్లేముందు పొద్దున్నే, కంప్యూటర్ సైన్స్ చెప్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన టీచరుగా పనిచేసినవాడే. తర్వాత కంపెనీ దాన్ని టీల్స్ అనే కార్యక్రమంగా పెంచింది. అందులో నాకు నచ్చింది ఇంజనీర్లు బడికి రావడం కాదు, వాళ్లు వెళ్లిపోయే తీరు. వాలంటీర్లు టీచరుతో కలిసి క్లాసు చెప్తారు. టీచరు పక్కనే ఉండి తనూ నేర్చుకుంటారు. రెండేళ్లు గడిచేసరికి క్లాసు టీచరు చేతికి రావాలన్నది అక్కడి ఉద్దేశం. వాలంటీరు వెళ్లిపోయినా పాఠం అక్కడే ఉంటుంది.

మన సేవా దినాల్లో టీచరు ఎక్కడుంటారో ఎప్పుడైనా గమనించారా? వెనక వరసలో, హాజరు పట్టీ పట్టుకుని, అల్లరి చేసేవాళ్లను కళ్లతో కసురుతూ. మీ వాళ్లు ఆవిడను దాటుకుని నేరుగా పిల్లల దగ్గరికి వెళ్తారు. ఆవిడకు కంప్యూటర్ రాదని మీ అనుమానం. మీ వాళ్ల ముందు తనకు రాదని బయటపడుతుందేమోనని ఆవిడ టెన్షన్. మీరు వెళ్లాక మిగతా 200 రోజులూ ఆ పిల్లలతో ఉండేది ఆవిడే కదా. మీ ఉద్యోగి గంటసేపు ఆవిడ పక్కన కూర్చుని, వచ్చే వారం పాఠం ఇద్దరూ కలిసి తయారు చేసుకుంటే, ఆ గంట 40 మందికి అందుతుంది. అయితే దానికి ఫొటో ఉండదు. ఇద్దరు మనుషులు ఒక కంప్యూటర్ ముందు కూర్చుని తల గోక్కుంటున్న ఫొటో ఏ వార్షిక నివేదికలోనూ నేను చూడలేదు.

అసలు చిక్కంతా లెక్క దగ్గర ఉంది. 120 మంది, మూడేసి గంటలు: 360 సేవా గంటలు. మా బుధవారం ఆవిడ ఏడాదికి 36 వారాలు వస్తారు, వచ్చినప్పుడల్లా గంటన్నర: 54 గంటలు. మీ నివేదికలో 360 పెద్దది. మీ బోర్డు ముందు 360 చెప్పుకోవచ్చు. ఆ 360లో లూపంటే ఏమిటో ఎంతమందికి తెలిసిందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరా ఉండదు.

కంపెనీలు ఇంతకన్నా తెలివిగా లెక్కపెట్టిన సందర్భాలు లేకపోలేదు. 1954లోనే జనరల్ ఎలక్ట్రిక్ ఫౌండేషన్ ఒక పద్ధతి పెట్టింది: ఉద్యోగి తాను చదివిన కాలేజీకి విరాళమిస్తే, అంతే మొత్తాన్ని తానూ కలిపి ఇచ్చేది. ఎక్కడివ్వాలో తేల్చింది ఉద్యోగి, వెనక నిలబడింది కంపెనీ. తర్వాత చాలా కంపెనీలు దీన్ని సమయానికి కూడా వర్తింపజేశాయి. ఉద్యోగి ఎక్కడైతే సేవ చేస్తున్నాడో, ఆ సంస్థకు గంటకు ఇంతని డబ్బు పంపుతాయి. మా బుధవారం ఆవిడ కంపెనీలోనూ ఆ వెసులుబాటు ఉంది. ఉందని ఆవిడకు మూడో ఏడాది దాకా తెలియదు, నాకూ తెలియదు. ఎవరో సహోద్యోగి భోజనాల దగ్గర మాటల్లో చెబితే బయటపడింది. ఆ డబ్బుతో రౌటరు మార్చాం, పాడైన ఆరు కంప్యూటర్లు బాగుచేయించాం. ఫారం నింపడానికి ఆవిడకు పట్టింది ఇరవై నిమిషాలు. మీరు బస్సుకీ బ్యానరుకీ పెట్టే ఖర్చులో కొంచెం తగ్గించి, ఇలాంటిదొకటి ఉందని మీ వాళ్లందరికీ ఒక్క ఈమెయిలు పెడితే ఎంత బాగుంటుందో.

ఇక మీరు పంపే సామాను.

ఒకసారి ఒక కంపెనీ 30 పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. అట్టపెట్టెలు విప్పుతుంటే పిల్లలకు పండగే. ఛార్జర్లు 19 ఉన్నాయి. నాలుగింటి బ్యాటరీలు ఉబ్బి కీబోర్డు పైకి లేచింది, వాటిని ఆ రోజే జాగ్రత్తగా పక్కన పెట్టించాను. పదకొండింటికి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగింది, విండోస్ కన్నా ముందు, బయోస్ దగ్గరే. కంపెనీకి ఫోన్ చేస్తే ఐటీ వాళ్లకు టికెట్ పెట్టమన్నారు. టికెట్ పెట్టాలంటే ఉద్యోగి ఐడీ కావాలి. నేను ఉద్యోగిని కాదు. ఆ పదకొండూ ఇప్పటికీ బీరువా మీదే ఉన్నాయి. వాటి విలువ మాత్రం ఆ ఏడాది ఎవరో ఒకరి నివేదికలో విరాళంగా నమోదై ఉంటుంది.

ఇప్పుడు ఇలాంటి పెట్టెలు ఇంకా ఎక్కువగా వస్తాయని నా అనుమానం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేనివి, ప్రాసెసర్ పాతదైనవి విండోస్ 11కు అధికారికంగా మారవు. ఆఫీసులు వాటిని వదిలించుకుంటాయి, బడులకు ఇస్తే పేరుకు పేరు, చోటుకు చోటు. ఇవ్వొద్దనడం లేదు. అలాంటి వాటిమీద విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుని పిల్లలు హాయిగా ప్రోగ్రాములు రాసుకోవచ్చు, మా దగ్గర రాస్తున్నారు కూడా. కానీ ఆ పని మీ దగ్గరే చేసి పంపండి. పాత డేటా పూర్తిగా తుడిచి, పాస్‌వర్డ్ తీసేసి, ఛార్జరు జతచేసి, ఒకసారి ఆన్ చేసి చూసి. 120 మంది ఏం చేయాలని అడిగారు కదా, అదిగో 120 మందికి పని. మీ ఆఫీసులోనే, మీ ఏసీ గదిలోనే, ఆ టీషర్టులు వేసుకునే చేయొచ్చు. పాఠాలను పిల్లల భాషలోకి మార్చడం, మార్చినవి చదివి తప్పులు పట్టడం కూడా గుంపుగా కూర్చుని చేసుకోగలిగినవే.

యంత్రమొక్కటే ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోవడానికి పెరూ అనుభవం చూడొచ్చు. పిల్లవాడికో ల్యాప్‌టాప్ అన్న కార్యక్రమం కింద ఆ దేశం పిల్లలకు లక్షల్లో ల్యాప్‌టాప్‌లు పంచింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 319 గ్రామీణ బడుల్లో పరిశీలన చేయించి 2012లో ఫలితాలు వెల్లడించింది. ఒక్కో విద్యార్థికి సగటున 0.12గా ఉన్న కంప్యూటర్ల సంఖ్య 1.18కి పెరిగింది. లెక్కలు, భాష పరీక్షల్లో మాత్రం తేడా కనబడలేదు. ఆలోచనాశక్తిని కొలిచే కొన్ని పరీక్షల్లో కొంత మెరుగు కనబడిందన్నదీ చెప్పాలి. ల్యాప్‌టాప్ వృథా అని దీనర్థం కాదు. పక్కన కూర్చునే మనిషి కోసం కూడా డబ్బు తీసి పెట్టుకోవాలని నేను అర్థం చేసుకున్నాను.

రోబోటిక్స్ కిట్ల సంగతి మరీ తమాషా. మా దగ్గరున్న కిట్లు చాలా ఖరీదైనవి. అందుకే వాటిని ఎవరూ ముట్టుకోరు. వచ్చిన రోజే స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాయి: మోటార్లు ఇన్ని, సెన్సార్లు ఇన్ని, పళ్ల చక్రాలు ఇన్ని. ఏడాది చివర తనిఖీలో ఒక చక్రం తగ్గినా సంతకం పెట్టిన టీచరు జవాబు చెప్పుకోవాలి. ఆవిడ ఏం చేస్తారు? బీరువాలో పెట్టి తాళం వేశారు. మీవాళ్లు వస్తున్నారన్నప్పుడు తీస్తారు, వెళ్లాక లెక్కపెట్టి మళ్లీ తాళం. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను. కిట్‌తోపాటు "పోయినా విరిగినా పరవాలేదు, ఏటా కొన్ని విడిభాగాలు మేమే ఇస్తాం" అని ఒక్క కాగితం రాసి ఇచ్చారంటే ఆ తాళం ఊడిపోతుంది. 2016లో బ్రిటన్‌లో బీబీసీ, దాని భాగస్వాములు 11, 12 ఏళ్ల పిల్లలకు పది లక్షల దాకా మైక్రోబిట్ అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులు పంచాయి. బడికి కాదు, పిల్లలకే ఇచ్చేశారు. ఇంటికి పట్టుకెళ్లొచ్చు, పాడుచేసుకోవచ్చు. చెప్పిన సమయానికి ఇవ్వలేక నెలల తరబడి ఆలస్యం చేశారు గానీ, వస్తువు ఎవరిదన్న విషయంలో మాత్రం వాళ్ల ఆలోచన సరైనదని నాకనిపిస్తుంది.

డబ్బు గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఒకటుంది. "వస్తువులకైతే ఇస్తాం, జీతాలకు ఇవ్వలేం." వాలంటీర్లకు ఫోన్లు చేసి, ఎవరు రారో ముందే తెలుసుకుని, తాళంచెవి సంపాదించి, పిల్లల ఇళ్లకు కబురు పంపే సమన్వయకర్తకు జీతమివ్వడం మీ దృష్టిలో దుబారా. ఆ మనిషి లేకపోతే మీ వాలంటీరు తాళం వేసిన తలుపు ముందు నిలబడతాడు. రెండుసార్లు అలా నిలబడ్డవాడు మూడోసారి రాడు.

దీనికి కొందరు చట్టాన్ని అడ్డుపెడతారు. భారతదేశాన్నే తీసుకోండి. అక్కడి కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పాలనా ఖర్చులు మొత్తంలో 5 శాతం మించకూడదని నిబంధన ఉంది. ఆ 5 శాతాన్ని చూపించి సమన్వయకర్త జీతాన్ని కొట్టేస్తుంటారు. నిబంధనను చివరిదాకా చదవాలి. కంపెనీ తన సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు ఆ పరిమితి. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా సాగే ప్రాజెక్టులకూ అదే నిబంధనల్లో చోటుంది. అంటే "ఈ ఏడాదికే, ఈ నెలలోపే" అన్న హడావుడి చట్టం పెట్టింది కాదు, మనం పెట్టుకున్నది.

మీ ఉద్యోగుల వైపు నుంచి కూడా ఒక మాట. రావాలని ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 1999లో పుట్టినప్పుడే వాటాల్లో 1 శాతం, ఉత్పత్తుల్లో 1 శాతం, ఉద్యోగుల సమయంలో 1 శాతం సేవకని పెట్టుకుంది. అక్కడి ఉద్యోగులకు ఏడాదికి ఏడు రోజులు జీతంతో కూడిన సేవా సెలవు ఉంటుంది. మీలో చాలామంది కంపెనీల్లోనూ రెండో మూడో రోజులు ఉన్నాయి. రోజులుగా ఉన్నాయి, అదే ఇబ్బంది. మూడు రోజులంటే 24 గంటలు. వారానికో గంటన్నర చొప్పున విడదీస్తే 16 వారాలు, అంటే దాదాపు సగం విద్యా సంవత్సరం. విడదీసి వాడుకోవచ్చా అని మా క్లబ్‌కి వచ్చే ఒకబ్బాయి అడిగితే సిస్టంలో సగం రోజు కన్నా తక్కువ సెలవు పెట్టే వీల్లేదన్నారట. పైగా బుధవారం నాలుగింటికి మేనేజరు మీటింగు పెడతాడు. పాపం ఆ అబ్బాయి కొన్నాళ్లు బడి వరండాలో నిలబడి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీటింగు విన్నాడు. తర్వాత మానేశాడు. మీరు చేయాల్సింది పెద్ద విధానమేమీ కాదు, ఆ సెలవును గంటల్లోకి మార్చడం, ఆ మేనేజరుకు ఒక మాట చెప్పడం.

పిల్లల భద్రత ఇంకో కారణం, దీన్ని మొహమాటం లేకుండా చెప్తాను. పిల్లల దగ్గరికి వచ్చే ప్రతి పెద్దమనిషి వివరాలూ సరిచూడాలి. ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇంకో పెద్దవాళ్లు ఉండాలి. నలుగురి విషయంలో ఇది వారం పది రోజుల్లో చేసేస్తాను. 120 మంది పేర్లు గురువారం రాత్రి ఎక్సెల్ షీటులో వస్తే ఏం సరిచూడను? ఫొటోలూ అంతే. పిల్లల ముఖాలు మీ సోషల్ మీడియా పేజీలో పెట్టడానికి వాళ్ల ఇంట్లోవాళ్ల అనుమతి కావాలి. ముందు వరసలో అమ్మాయిలను నిలబెట్టి ఫొటో తీసి, ఆ తర్వాత కంప్యూటర్ల దగ్గర అబ్బాయిలను కూర్చోబెట్టి అమ్మాయిలను వెనక నిలబడి చూడమన్న రోజు కూడా నేను చూశాను. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది.

ఈమధ్య అందరూ అడిగేది ఏఐ. ఒక్క పూటలో పిల్లలకు ఏఐ నేర్పేస్తామంటారు. నేర్పొద్దని చెప్పే ఛాందసం నాకు లేదు. పిల్లలు దాన్ని ఎలాగూ వాడుతున్నారు, అది చెప్పింది తప్పయితే ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్లు కావాలి. కానీ నిరుడు ఒక బృందం వచ్చి అదే విషయం మీద గంటసేపు స్లైడ్లు చూపించి వెళ్లాక, తను రాసుకున్న ప్రోగ్రాము ఏ ఫోల్డర్‌లో సేవ్ అయిందో తెలియక ఒక పిల్లవాడు ఏడుపు మొహం పెట్టాడు. వాడికి ఆ రోజు కావాల్సింది ఫోల్డరు.

కాబట్టి ఈ ఏడాది మీ ఈమెయిలు వస్తే నా జవాబు ఇలా ఉంటుంది. 120 మంది వద్దు, నలుగురిని ఇవ్వండి. ఇద్దరిద్దరుగా వస్తారు, ఒకరికి వీలుకాకపోతే ఇంకొకరుంటారు. బడి తెరిచిన నెల నుంచి మూసే నెల దాకా, వారానికి గంటన్నర. కోడింగ్‌లో ఆరితేరినవాళ్లే కానక్కర్లేదు, మీ అకౌంట్స్ విభాగంలో ఓపికున్నవాళ్లు ఉంటే వాళ్లనే ముందు పంపండి. బస్సుకయ్యే డబ్బుతో మా సమన్వయకర్తకు కొన్ని నెలల జీతం వస్తుంది. రిపోర్టు కావాలంటే ఇస్తాను. సేవా గంటలు కాకుండా, ఎంతమంది పిల్లలు ఏడాది చివరిదాకా నిలిచారో, ఎంతమంది తమ ప్రోగ్రాములో తప్పును తామే పట్టుకున్నారో రాస్తాను. టీచరు మీ వాళ్ల సాయం లేకుండా ఎన్ని క్లాసులు చెప్పగలిగారో కూడా. అంకెలు చిన్నవిగా ఉంటాయి, బోర్డు ముందు పెట్టడానికి కాస్త ధైర్యం కావాలి.

వచ్చే ఆ నలుగురికీ ముందుగానే ఒకటి చెప్పి పంపండి. మొదటి బుధవారం ఏమీ నేర్పక్కర్లేదు, ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకోవద్దు. ఏడో నంబరు కంప్యూటర్ దగ్గర ఒక కుర్చీ వేస్తాను, అక్కడ కూర్చుంటే చాలు. యాపిల్ పళ్ల ఆట చేసిన అమ్మాయి అక్కడే ఉంటుంది, ఇప్పుడు ఏడో తరగతి. పాము ఆట చేస్తోంది, పాము గోడకు తగిలినా చచ్చిపోవడం లేదు. రెండు వారాలుగా ఆ పని మీదే ఉంది. ఏం జరగాలనుకుందో, ఏం జరుగుతోందో మీవాళ్లకు వివరంగా చెప్తుంది. మౌస్ మాత్రం ఇవ్వదు.

ఇట్లు,
ఒక బడి కంప్యూటర్ క్లబ్ నిర్వాహకురాలు